భివండీలో ఠాణా, కోర్టు: ఎవరి అధికారం ఎంతవరకు?

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో కామ్వారీ నది ఒడ్డున ఉన్న భివండీ పట్టణానికి, తెలుగు పల్లెలకు నడుమ ఉన్నది మగ్గం కలిపిన బంధుత్వం. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడికి వలసపోయి మరమగ్గాలను నమ్ముకొని స్థిరపడినాయి. పద్మానగర్ అనే పేటే అందుకు సాక్ష్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం 7,09,665 మంది నివసించే ఆ పట్టణంలో సాంచాలు ఆడినంత కాలం ఊరిలోని తల్లిదండ్రులకు అక్కడి ఠాణాతో గాని, కోర్టుతో గాని నిమిత్తం ఉండదు. "మీవాణ్ణి పోలీసులు తీసుకపోయిండ్రు" అన్న కబురు అందిన రాత్రి మాత్రం ఎవరిని ఆశ్రయించవలెనో తోచక, అప్పు చేసి తెచ్చిన సొమ్ము ముందుగా ఎవరో ఒక మధ్యవర్తి చేతిలో పోస్తారు. దారి తెలియకపోవడమే ఆ మధ్యవర్తికి పెట్టుబడి.

తెలుసుకొనవలసిన మొదటి సంగతి ఒకటే. పోలీసు నేరాన్ని దర్యాప్తు చేస్తాడు, సర్కారు వకీలు కేసును వాదిస్తాడు, న్యాయాధికారి నిర్ణయిస్తాడు. ఈ మూడు పనులు మూడు వేర్వేరు చేతులలో ఉన్నాయి. ఠాణాలో శిక్ష పడదు, ఠాణాలో కేసు కొట్టివేయబడదు. అట్లా చేయిస్తామని చెప్పి సొమ్ము అడిగేవాడు, లేని అధికారాన్ని అమ్ముతున్నాడు.

పోలీసులు ఎవరి అధీనంలో ఉంటారు?

మన రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోనిది. కావున భివండీ పోలీసులు మహారాష్ట్ర ప్రభుత్వ హోం శాఖ కింద పనిచేస్తారు. పట్టణాన్ని పాలించే భివండీ నిజాంపూర్ నగరపాలక సంస్థకు వారిపై ఎట్టి అధికారమూ లేదు. నగరసేవకుడు, అనగా మన వాడుకలో కార్పొరేటరు, మాటసాయం చేయగలడేమో గాని, చట్టం అతనికి ఏ పాత్రనూ ఇవ్వలేదు.

అమెరికా పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ నగరానికి నగరం, కౌంటీకి కౌంటీ తమ తమ పోలీసులను తామే పోషించుకుంటాయి. అటువంటి పోలీసు సంస్థలు ఆ దేశంలో సుమారు 18,000 ఉన్నాయి. కౌంటీ షెరీఫును, చాలా రాష్ట్రాలలో సర్కారు వకీలును కూడా, ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. కోర్టులు సైతం రెండు వరుసలు: 50 రాష్ట్రాలకు వాటి వాటి కోర్టులు, వాటికి సమాంతరంగా కేంద్ర ప్రభుత్వపు ఫెడరల్ కోర్టులు. మన దేశంలో మేజిస్ట్రేటు మొదలు సుప్రీంకోర్టు వరకు ఉన్నది ఒకటే నిచ్చెన. రాష్ట్రం మారినా చట్టం మారదు. ఊరి కోర్టులో చెల్లే హక్కు భివండీ కోర్టులోనూ చెల్లుతుంది. అక్కడ మారేవి భాష, పదవుల పేర్లు మాత్రమే.

భివండీ పట్టణం 1981లో ఏర్పడిన ఠాణే పోలీసు కమిషనరేటు పరిధిలోనిది. కమిషనరేటులోని మండలాలలో రెండవది భివండీ. దానికి డిప్యూటీ కమిషనర్ స్థాయి అధికారి పెద్ద. భివండీ నగర ఠాణా, నిజాంపురా, భోయివాడా, శాంతినగర్, నార్పోలీ, కోన్‌గావ్ ఠాణాలు ఆ మండలంలోనివి. పట్టణం వెలుపల ఉన్న పడ్ఘా, గణేశ్‌పురి, భివండీ తాలూకా ఠాణాలు మాత్రం ఠాణే గ్రామీణ జిల్లా సూపరింటెండెంటు అధీనంలో నడుస్తాయి. భివండీ పేరు వినగానే నగర ఠాణాకు పరుగెత్తి, ఒక పూట పోగొట్టుకొని, తరువాత సరియైన చోటికి పోయేవారు కలరు. కబురు చెప్పినవారిని ముందుగా అడుగవలసినది ఏ ఠాణా అన్నది, రెండవది 'గు.ర.నం.', అనగా గున్హా రిజిస్టరు నంబరు. మన వైపు క్రైం నంబరు అని వ్యవహరించేది అదే.

పదవుల పేర్లలోనూ కొంత తేడా కలదు. తెలంగాణలో సబ్ ఇన్‌స్పెక్టరు పైన ఇన్‌స్పెక్టరు ఉండగా, మహారాష్ట్రలో ఆ ఇద్దరి నడుమ అసిస్టెంట్ పోలీసు ఇన్‌స్పెక్టరు అనే మెట్టు ఒకటి ఉన్నది; 'ఎ.పి.ఐ.' అని పిలుస్తారు. నగర ఠాణాలకు పెద్ద సీనియర్ ఇన్‌స్పెక్టరు. లోనికి అడుగుపెట్టగానే ఎదురయ్యే, ఫిర్యాదు రాసుకునే బాధ్యత గల ఉద్యోగిని 'ఠాణే అంమల్దార్' అంటారు. వీధి మూలన కనబడే చౌకీ ఠాణా కాదు. కేసు నమోదయ్యేది ఠాణాలోనే.

ఈ పట్టణపు పోలీసు చరిత్రలో ఒక ప్రత్యేకత ఉన్నది. 1970 మే 7న శివజయంతి ఊరేగింపు సందర్భంగా చెలరేగిన మతకలహాలపై జస్టిస్ డి.పి. మాదన్ కమిషన్ విచారణ జరిపి, పోలీసుల పక్షపాత ధోరణిని తప్పుపట్టింది. 1984 మే నెలలో మళ్లీ కలహాలు జరిగినాయి. 1988లో డిప్యూటీ కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోప్డే రెండు మతాల పెద్దలతో మొహల్లా కమిటీలు ఏర్పరచి, చిన్న తగవులను పేటలలోనే మాట్లాడి సర్దే అలవాటు చేశారు. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో ముంబయి తగులబడినప్పుడు భివండీ ప్రశాంతంగా ఉన్నదంటే ఆ కమిటీల చలవ అందులో చాలా ఉన్నది. 2006 జూలైలో ఒక పోలీసు స్టేషను నిర్మాణంపైనే వివాదం రేగి, కాల్పులలో ఇద్దరు పౌరులు, మూకదాడిలో ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రాణాలు కోల్పోయారు. పండుగ రోజులలో అక్కడ బందోబస్తు ఎందుకంత గట్టిగా ఉంటుందో, వీధి కొట్లాటను సైతం ఠాణా ఎందుకు తేలికగా తీసుకోదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఎన్.సి. చీటీ, ఎఫ్.ఐ.ఆర్. ఒకటి కావు

2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చినాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి సెక్షన్లే వర్తిస్తాయి. నేరాలు రెండు తరగతులు. దొంగతనం, తీవ్రమైన గాయం, హత్య వంటివి పోలీసులు తమంత తాము దర్యాప్తు చేయగలిగినవి. మరాఠీలో 'దఖల్‌పాత్ర' అంటారు. తిట్లు, చిన్నపాటి చేయిచేసుకోవడం వంటివి 'అదఖల్‌పాత్ర'. వీటిని ఠాణాలో ఎన్.సి. రిజిస్టరులో రాసి చీటీ ఇచ్చి పంపుతారు. మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు వాటిపై దర్యాప్తు చేయలేరు. చేతిలో చీటీ పడగానే కేసు అయినదని నమ్మి నెలల తరబడి ఎదురుచూసిన కార్మికులు కొందరు కారు. కాగితంపై ఏమి రాసి ఉన్నదో చదివించుకొనక తప్పదు.

మొదటి తరగతి నేరమైతే సంహితలోని 173వ సెక్షను ప్రకారం ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వవలసి ఉంటుంది. రాసినది అతనికి చదివి వినిపించాలి. అక్కడ అది మరాఠీలో ఉంటుంది గనుక అర్థం కాని చోట చెప్పించుకున్న తరువాతనే సంతకం చేయుట మేలు. ఠాణా నిరాకరించినట్లయితే ఫిర్యాదును మండల డిప్యూటీ కమిషనరుకు తపాలాలో పంపవచ్చును. అప్పటికీ కదలిక లేనట్లయితే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 రోజులలోగా ఫిర్యాదికి తెలుపవలసిన బాధ్యత కూడా కొత్త సంహిత పోలీసులపై పెట్టింది.

సాక్షిగా పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం వేరు. దానిని అక్కడ 'జబాబ్' అంటారు. దర్యాప్తులో పోలీసుకు చెప్పిన మాటల కింద చెప్పినవాని సంతకం తీసుకొనరాదని చట్టం స్పష్టంగా చెబుతున్నది. స్త్రీలను, 60 ఏండ్లు దాటినవారిని, 15 ఏండ్లలోపు పిల్లలను సాక్ష్యం కొరకు ఠాణాకు రప్పించరాదు; వారి నివాసానికే పోయి అడుగాలి.

పట్టుకుపోయిన తరువాత 24 గంటలు

ఏడేండ్ల లోపు శిక్ష గల అనేక నేరాలలో అరెస్టు తప్పనిసరి కాదు. విచారణకు రమ్మని నోటీసు ఇచ్చి పంపవచ్చును; నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణం రాసిపెట్టనిదే అరెస్టు చేయరాదు. నోటీసు అందినా భయపడి ఊరికి పారిపోయి వచ్చేవారు తమ కేసును తామే చెడగొట్టుకుంటున్నారు.

అరెస్టు చేసినప్పుడు మాత్రం కొన్ని పనులు జరిగితీరాలి. అరెస్టు కాగితంపై కుటుంబసభ్యుడో, ఆ పేటలోని పెద్దమనిషో సాక్షిసంతకం చేయాలి. ఎక్కడ ఉంచారో బంధువుకు గాని, స్నేహితునికి గాని తెలుపాలి. వైద్యపరీక్ష చేయించాలి. విచారణ సాగుతున్నప్పుడు, అంతసేపూ కాకపోయినా, వకీలును కలిసే హక్కు ఉన్నది. మహారాష్ట్ర నుండి వచ్చిన ఒక కేసులో 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వలసకుటుంబాలకు మరీ ముఖ్యం: అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వెంటనే వీలుకాకపోతే, రిమాండు కొరకు కోర్టుకు తెచ్చేందుకు కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. తెలుగు తప్ప వేరొకటి రాని కార్మికునికి మరాఠీ కాగితం చేతిలో పెడితే ఆ షరతు తీరినట్లు కాదు.

రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం, ప్రయాణకాలం మినహాయించి, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. కుటుంబం తరఫున ఎవరైనా చేరుకొనవలసిన చోటు ఆ కోర్టు. ఠాణా గుమ్మంలో రెండు రాత్రులు పడిగాపులు కాచేకంటె, మరునాటి ఉదయం కోర్టులో ఒక వకీలును నిలబెట్టడం వేయిరెట్లు ప్రయోజనకరం. పోలీసు దెబ్బలు తిన్నట్లయితే చెప్పుకొనవలసినదీ ఆ మేజిస్ట్రేటుకే. ఆయన పోలీసుల మనిషి కాడు. హైకోర్టు అజమాయిషీలో పనిచేసే న్యాయాధికారి.

అక్కడ రెండు మాటలు వినబడతాయి. 'పి.సి.' అంటే పోలీసు కస్టడీ, మరాఠీలో పోలీస్ కోఠడీ. మరికొంత విచారణ కొరకు మేజిస్ట్రేటు మనిషిని తిరిగి పోలీసులకు అప్పగించడం. అది మొత్తం మీద 15 రోజులు మించరాదు. 'ఎం.సి.ఆర్.' అంటే న్యాయస్థానపు కస్టడీ, జైలుకు పంపడం. ఠాణేలో సెంట్రల్ జైలు, కల్యాణ్‌లో ఆధార్‌వాడీ జైలు ఉన్నాయి. జైలు అన్న మాట వినగానే ఇంటివారు ఏడుపు మొదలుపెడతారు గాని, పోలీసు చేతి నుండి కోర్టు చేతికి మారడం చాలామారులు మంచికే. 60 రోజులలో, పదేండ్లు మొదలుకొని మరణశిక్ష వరకు పడగల పెద్ద నేరాలలో 90 రోజులలో, పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయలేకపోతే జామీను పొందే హక్కు పుడుతుంది. అయితే దానిని దరఖాస్తు పెట్టి అడుగాలి. అడుగకపోతే ఆ హక్కు చేజారుతుంది.

చాప్టర్ కేసు: పోలీసే మేజిస్ట్రేటైన చోటు

పోలీసు వేరు, న్యాయాధికారి వేరు అన్న సూత్రానికి కమిషనరేటు పట్టణాలలో ఒక మినహాయింపు కలదు. శాంతిభద్రతల కొరకు ముందుజాగ్రత్తగా తీసుకునే చర్యలలో పోలీసు అధికారులకే కార్యనిర్వాహక మేజిస్ట్రేటు అధికారాలు ఇవ్వబడినాయి. తెలంగాణ మండలాలలో తహసీల్దారు చేసే బైండోవరును అక్కడ అసిస్టెంట్ కమిషనరు చేస్తాడు. కొట్లాటలలో ఇరుక్కున్నవారికి ఇది 'చాప్టర్ కేసు' రూపంలో ఎదురవుతుంది: ఏడాది పాటు శాంతంగా ఉంటానని పూచీకత్తు రాయించడం. ఇది శిక్ష కాదు, నేరం రుజువైనట్లూ కాదు. కాని రాసిన బాండును ఉల్లంఘిస్తే సొమ్ము జప్తు కావచ్చు, జైలుకూ పోవచ్చు. ఆ ఉత్తరువుపై సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉన్నది.

ఇంతకంటె కఠినమైనది 'తడీపార్'. 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం కింద, పట్టణం నుండి లేదా జిల్లా నుండి రెండేండ్ల వరకు బహిష్కరించే అధికారం పోలీసు అధికారులకు ఉన్నది. మగ్గమే జీవనాధారమైనవానికి ఇది జైలుకంటె భారం. ముందుగా నోటీసు ఇచ్చి సంజాయిషీ అడుగుతారు. దానికి వకీలు ద్వారా జవాబివ్వడం అత్యవసరం. దీనిపై అప్పీలు రాష్ట్ర ప్రభుత్వానికి; తదుపరి హైకోర్టు.

కోర్టుల నిచ్చెన

భివండీలో సివిలు న్యాయాధికారి, ప్రథమ శ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేటు కోర్టులు ఉన్నాయి. రాహుల్ గాంధీపై 2014లో దాఖలైన పరువునష్టం కేసు వలన దేశమంతటా పేరు వినబడిన కోర్టు ఇదే. ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు మూడేండ్ల వరకు జైలుశిక్ష, 50,000 రూపాయల వరకు జుర్మానా వేయగలడు. హత్య వంటి కేసు కూడా మొదట ఆయన ఎదుటికే వస్తుంది గాని, విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. జిల్లా, సెషన్స్ కోర్టు ఠాణేలో ఉన్నది. దానిపై ముంబయిలోని బొంబాయి హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు. అమెరికా సినిమాలలో కనబడే 12 మంది జ్యూరీ మన కోర్టులలో లేరు. ఆ పద్ధతిని మన దేశం ఎప్పుడో విడిచిపెట్టింది. సాక్ష్యం నిందితునికి తెలియని భాషలో నడిచినప్పుడు, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పించాలన్న నియమం మాత్రం ఉన్నది.

వలసజీవికి అసలు చిక్కు జామీను మంజూరైన తరువాత మొదలవుతుంది. 'జామీన్‌దార్' స్థానికుడే కావాలంటారు. అద్దె గదిలో బతికేవానికి ఆస్తిపత్రం గల స్థానికుడు ఎవరు దొరుకుతారు? పూచీదారులను అద్దెకు తెచ్చే దళారి అక్కడ ప్రవేశిస్తాడు. 1978లో మోతీరాం అనే తాపీపనివాని కేసులో, పూచీదారు ఆస్తి పక్క జిల్లాలో ఉన్నదన్న కారణంతో మేజిస్ట్రేటు నిరాకరించగా, సుప్రీంకోర్టు దానిని తీవ్రంగా తప్పుపట్టి వేయి రూపాయల సొంత బాండుపై అతనిని విడిచిపెట్టింది. 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాలలోనూ స్థానిక పూచీదారు షరతు పెట్టవద్దని ఆ కోర్టు కింది కోర్టులకు సూచించింది. నగదు జామీను అడిగే మార్గమూ ఉన్నది. బెయిలుకు వీలున్న నేరాలలో వారం గడిచినా పూచీ ఇవ్వలేకపోయినవానిని పేదవానిగా భావించి సొంత బాండుపై వదలాలని సంహితే చెబుతున్నది. ఈ సంగతులు వకీలుకు తెలియవని కాదు. కుటుంబం అడిగినప్పుడే అవి దరఖాస్తులోకి ఎక్కుతాయి.

వకీలు ఫీజు భరించలేనివారికి 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు మాత్రమే కాక, పారిశ్రామిక కార్మికులు కూడా ఆ చట్టంలోని 12వ సెక్షనులో పేర్కొనబడినారు. ఠాణే జిల్లా కోర్టులో జిల్లా సంస్థ, భివండీ కోర్టులో తాలూకా కమిటీ ఆ దరఖాస్తులు తీసుకుంటాయి. ఫోను నంబరు 15100.

ఊరి నుండే చేయదగినవి

అన్నిటికీ భివండీ ప్రయాణం అక్కరలేదు. నేరం ఎక్కడ జరిగినా, ఊరికి దగ్గరి ఠాణాలోనే 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' రాయించవచ్చును; దానిని వారు సంబంధిత ఠాణాకు పంపాలి. భర్త ఇంట హింస పడలేక భివండీ నుండి పుట్టింటికి చేరిన స్త్రీ, తలదాచుకున్న ఊరి పరిధిలోనే కేసు పెట్టవచ్చునని 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు తేల్చింది. మనోవర్తి దరఖాస్తు సైతం ఆమె నివసించే చోటి కోర్టులో వేయవచ్చు. కొడుకు పట్టించుకోని తల్లిదండ్రులకు కూడా తాము నివసించే చోటనే దరఖాస్తు పెట్టుకొనే వీలు కొత్త సంహిత కలిగించింది. అంతకుముందు కొడుకు ఉన్న ఊరికి పోయి అడుగవలసి వచ్చేది.

జీతం బాకీ, బయానా లెక్కల తగాదా పోలీసు కేసు కాదు. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినాయి. వేతన బకాయిపై మూడేండ్లలోగా కార్మిక శాఖ అధికారి ఎదుట దావా వేయవచ్చును. ఇటువంటి తగవులను ఠాణాకు తీసుకుపోతే, బలవంతుడైన సేటు పక్షానే రాజీ కుదిరే ప్రమాదం ఎక్కువ.

మగ్గంపై విద్యుద్ఘాతమై గాని, మరో ప్రమాదంలో గాని మనిషి మరణించినప్పుడు ఠాణాలో ప్రమాదమృత్యువుగా నమోదు చేసి, పంచనామా జరిపి, శవపరీక్ష చేయిస్తారు. దుఃఖంలో శవాన్ని ఊరికి తెచ్చే తొందరలో ఆ కాగితాలను మరచిపోవడం సహజం. కాని మరణం ఆ షెడ్డులో, ఆ పనిలో జరిగినదని చెప్పే తొలి సాక్ష్యం అదే. పంచనామాలో షెడ్డు పేరు, యజమాని పేరు రాసినారో లేదో చూసుకోవాలి. పరిహారపు దావా ప్రమాదం జరిగిన చోటనే కాక, మృతుని కుటుంబం నివసించే ప్రాంతపు అధికారి ఎదుట కూడా వేసుకునే వీలు చట్టం ఇచ్చింది.

మహారాష్ట్ర పోలీసులే ఊరికి వచ్చి మనిషిని పట్టుకుపోయే సందర్భాలూ ఉంటాయి. దేశంలో ఎక్కడికైనా పోయి అరెస్టు చేసే అధికారం వారికి ఉన్నది. సాధారణంగా స్థానిక ఠాణాకు తెలిపి, ఇక్కడి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచి, 'ట్రాన్సిట్ రిమాండు' తీసుకొని తరలిస్తారు. ఆ కోర్టులోనే వకీలును పెట్టి గున్హా నంబరు, ఠాణా పేరు, సెక్షన్లు తెలుసుకోవచ్చును. కేసు కోర్టుకు చేరిన తరువాత దానికి 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు వస్తుంది. వకీలు వద్ద దానిని అడిగి రాసుకున్నట్లయితే, ఈ-కోర్ట్స్ సేవలో తరువాతి తారీఖు ఎప్పుడో, కిందటిసారి ఏమి జరిగినదో ఊరిలో ఉన్న ఫోనులోనే చూసుకోవచ్చును.